చెవికడ్డీ

రాత్రి రెండింటికి సైదాబాదు రోడ్డు మీద
మొగులయ్య మోకాళ్ల మీద వంగుతాడు.
ఐదడుగుల ఇనుప కడ్డీ, ఒక కొస తారు మీద,
రెండో కొస చెవి వెనక ఎముకకు.
కళ్లు మూసుకుంటాడు.
అప్పుడెవరూ మాట్లాడకూడదు.
జీపు డ్రైవరు ఇంజను ఆపేస్తాడు.
ఎదుటి బండి మీద ఆమ్లెట్లు వేసే కుర్రాడు
గరిటె పైకెత్తి అలాగే ఉండిపోతాడు.

ఈ సెక్షనుకి కొత్తగా వచ్చినప్పుడు
నా చేతిలో నక్షా ఉండేది,
పాత పైపు ఎక్కడ వంగిందో
కొత్తది దాన్ని ఎక్కడ కలిసిందో
నాలుగు రంగుల్లో.
వేలు పెట్టి చూపించాను: "ఇక్కడ తవ్వండి."
తవ్వారు.
పొడి మట్టి.
"ఇంకో మూడు గజాలు ఇటు."
పొడి మట్టి, ఒంటి చెప్పు, తెగిన టెలిఫోన్ తీగ.
మూడో గుంత దగ్గర తెల్లారింది.
స్కూలు ఆటోలు వరసగా ఆగిపోయాయి.
హఫీజా బీ ఖాళీ బిందె నడుమున పెట్టుకుని
ఉర్దూలో ఏదో అంది.
నవ్వినవాళ్లెవరూ నావైపు చూడలేదు.

మొగులయ్య గడ్డపారకు ఆనుకుని నిలబడ్డాడు.
"ఎక్కడో నీకు తెలుసా?"
"ఎర్కనే మేడం."
"మరి చెప్పలేదేం?"
"మీరు అడగలే గద."

ఆ మాటలో కోపం లేదు.
ఉంటే బాగుండేది,
మెమో రాసి నిద్రపోయేదాన్ని.

మర్నాడు రాత్రి కడ్డీ నా చేతికిచ్చాడు.
చల్లటి ఇనుము, అతని చెమట వాసన.
దబ్ దబ్ మని ఏదో.
"దొరికింది!" అన్నాను.
"అది మీ గుండె మేడం.
మొదాలు అందరికి గదే ఇనవడ్తది.
అది సల్లవడ్డంక ఇనుండ్రి."

ఎంతసేపో తెలీదు.
చంచల్‌గూడ వైపు లారీ ఒకటి వెళ్లి పూర్తిగా సద్దుమణిగాక,
పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే
ఆ సన్నటి గొణుగుడు
నేల కింద, నా నక్షాకి పదకొండు గజాల అవతల.

ఆరు వారాలుగా హఫీజా బీ రాయించిన ఫిర్యాదు పక్కన
"పరిశీలించాం, సమస్య లేదు" అని ఉంది,
కింద నా సంతకం.
వాళ్లింటికి వెళ్లాను. గ్లాసు నీళ్లిచ్చింది.
నేను తాగేదాకా నా ముఖంలోనే చూస్తూ నిలబడింది.
ఆ తర్వాతే చెప్పింది,
నల్లా వచ్చిన మొదటి పావుగంటే వాసనని,
వానొస్తే ఎక్కువని, ఏ మలుపు నుంచో కూడా.
ఏ మీటరూ చెప్పని సంగతి
ఆమె ముక్కుకి తెలుసు.

మారిపోయానని అనుకోకండి.
మొన్ననే నర్సింగ్ మీద నలుగురిలో అరిచాను
వాల్వు తిప్పడం మరిచాడని.
వాల్వు విరిగి ఉంది.
పోయిన నెలే చెప్పాడట,
నేను ఫోను చూసుకుంటూ తలూపానట.
తప్పు నాదని ఆ నలుగురిలోనే చెప్పడానికి
నాకు రెండు రోజులు పట్టింది.
అతను "పర్లేదు మేడం" అన్నాడు,
పర్లేదు కాదని తెలిసేలా.

ఇవాళ మళ్లీ రాత్రి రెండు.
పై ఆఫీసరు ఫోను: "ఇంకా మొదలుపెట్టలేదా?"
"వింటున్నాం సార్."
"ఏం వింటున్నారు?"
ఫోను జేబులో పడేశాను.

మొగులయ్య సుద్దతో రోడ్డు మీద సున్నా చుట్టి,
ఎన్నడూ లేంది, తలెత్తి నన్నడిగాడు:
"మీరేమంటరు?"

కడ్డీ తీసుకున్నాను.
నా గుండె చల్లబడేదాకా ఆగాను.
"జానెడు ఎడమకేమో..."

ఏమీ అనలేదు.
చెప్పు కొసతో సున్నా చెరిపి
మళ్లీ చెవి పెట్టాడు.
బండి దగ్గర కుర్రాడి గరిటె
ఇంకా గాల్లోనే ఉంది.